మూడోసారి కూడా ఆ పిల్లకే

"ఎన్ని పాయింట్లు కొట్టినవే?"

మా అమ్మాయి వాలీబాల్ ఆడి ఇంటికి రాగానే మా అత్తమ్మ అడిగే మొదటి మాట ఇది. ఇంటర్‌లో ఉన్నప్పుడు గుమ్మంలోంచే జవాబు వచ్చేది, "ఆరు నానమ్మా", "తొమ్మిది నానమ్మా" అని. డిగ్రీ రెండో ఏడు నుంచి ఆ జవాబు మారింది. "నేను కొట్టనే నానమ్మా, లేపి ఇస్త" అంటోంది. అత్తమ్మ నా వైపు చూస్తుంది. పిల్లను పక్కకు పెట్టారేమో కనుక్కో అని ఆ చూపుకు అర్థం.

నాకూ అదే అనుమానం. మా చందూర్ వైపు సాయంత్రమైతే మగపిల్లలు రెండు కట్టెలు పాతి, నెట్ కట్టుకుని ఆడుతుంటారు. చప్పట్లన్నీ ఎగిరి బంతిని బాదేవాడికే. బంతి లేపి ఇచ్చినవాణ్ణి ఎవరూ చూడరు. ఇన్నేళ్ళు దారిన పోతూ చూసిన నేనూ చూడలేదు.

కాలేజీ పీడీ మేడం ఆ ఏడు జట్టు ఆడే తీరే మార్చేశారట. అంతకుముందు ఇద్దరు సెట్టర్లు, నలుగురు కొట్టేవాళ్ళు. ఇద్దరు సెట్టర్లలో నెట్ దగ్గరి వరుసలోకి వచ్చిన పిల్ల బంతి లేపేది. తేలిక పద్ధతే కానీ, ముందు వరుసలోని ముగ్గురిలో ఒకరు సెట్టరే కాబట్టి అక్కడ కొట్టేవాళ్ళు ఎప్పుడూ ఇద్దరే. కొత్త పద్ధతిలో సెట్టర్ ఒక్కతే, మిగతా అయిదుగురు కొట్టేవాళ్ళు. సెట్టర్ వెనక వరుసలో ఉన్నంతసేపూ ముందున్న ముగ్గురూ కొట్టగలరు. ఎవరిని ఆపాలో అవతలివాళ్ళకు తోచదు. కానీ ఆ ఒక్క పిల్లకు ఊపిరాడదు. వెనక ఉన్నా అవతలివాళ్ళు సర్వీస్ కొట్టగానే నెట్ దగ్గరికి ఉరకాలి. ఒక్క అడుగు తొందరపడి ముందే స్థానం తప్పితే పాయింటు వాళ్ళకే పోతుంది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మేడంకు ఫోన్ చేశాను. "మా పిల్ల మంచిగ కొడ్తది మేడం, మళ్ళ కొట్టేకాడనే పెట్టండి" అన్నాను. ఆమె కోప్పడలేదు. "ఒక్క మ్యాచ్ వచ్చి చూడండమ్మా, ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

ఆ వారమే డాలస్‌లో ఉన్న మా చెల్లెలితో ఈ సంగతి చెప్పుకున్నాను. అది నవ్వింది. అమెరికాలో చలికాలం ముందు శనివారాలొస్తే కాలేజీ ఫుట్‌బాల్ సందడట. వాళ్ళ ఫుట్‌బాల్ చేత్తో పట్టుకుని ఆడేది. అందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. ఆట కదలగానే బంతి ముందు వాడి చేతికొస్తుంది. దూరంగా ఉరికేవాడికి విసరాలా, పక్కవాడికి అందించాలా, తానే పట్టుకుని ఉరకాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. జట్టులో కొత్త పద్ధతి వచ్చిందంటే దాన్ని వాడెంత నేర్చుకున్నాడన్నదే అందరి నోటా మాటట. "నీ బిడ్డను పక్కకు పెట్టలేదక్కా, నడిమిట్ల పెట్టిన్రు" అంది.

తేడా ఏమిటంటే అక్కడ వాడు హీరో. ఇక్కడ? సింధు వాళ్ళ నాన్న పి.వి. రమణగారు ఆడిన మన వాలీబాల్ జట్టు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కంచు పతకం గెలిచింది. ఆ జట్టులో బంతి లేపి ఇచ్చిందెవరో మనలో ఎందరికి తెలుసు? పైగా క్వార్టర్‌బ్యాక్ బంతిని చేత్తో పట్టుకుని చుట్టూ చూసుకోవచ్చు. సెట్టర్‌కు పట్టుకునే వీల్లేదు, తాకిన మరుక్షణం వదలాలి. ఎవరికివ్వాలో బంతి గాల్లో ఉన్నప్పుడే తేల్చుకోవాలి.

నవంబర్‌లో నిజామాబాద్‌లో వేరే కాలేజీతో మ్యాచ్ ఉంటే వెళ్ళాను. ఆ రోజు బంతిని చూడటం మాని మా పిల్లనే చూశాను. మొదటి తాకుడు సరిగ్గా పడితే సరే, లేకుంటే ఎటు పోయిన బంతికైనా అదే ఉరికేది. ముందుకిచ్చినా, తల వెనక్కిచ్చినా దాని నిలబడే తీరు ఒక్కటే. బంతి చేతులు వదిలేదాకా నాకే తెలియలేదు, ఇక అవతలివాళ్ళకేం తెలుస్తుంది? బీఏలో చదివిన తెలుగు వాక్యం గుర్తొచ్చింది. మాటలెన్ని పెద్దవైనా మధ్యలో 'ని'యో 'కి'యో లేకపోతే ఎవరు ఎవరినేం చేశారో తెలియదు. ఆ అక్షరాన్ని ఎవరూ మెచ్చుకోరు.

రెండో సెట్‌లో ఎడమ వైపు ఆడే పిల్ల ఒక బంతిని నెట్‌కు కొట్టింది. తర్వాతది గీత అవతల పడింది. పాపం, తల వంచుకుంది. మా పిల్ల మూడోసారి కూడా ఆ పిల్లకే లేపింది! నాకు ఒళ్ళు మండింది. కుడి వైపు ఇంకొకతి ఉంది కదా అనుకున్నాను. ఈసారి ఆ పిల్ల బాదకుండా, అడ్డుగా లేచిన చేతుల మీదుగా మెల్లగా వేసింది. బంతి అవతల పడింది.

మ్యాచ్ మాత్రం చివరి సెట్‌లో పోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఉండబట్టలేక అడిగాను, "రెండుసార్లు పోగొట్టిన పిల్లకు మళ్ళెందుకిచ్చినవే?" అని.

"మొదటిది దాని తప్పు గాదమ్మా. నేనే నెట్‌కు మరీ దగ్గరగ ఇచ్చిన. మూడోది కొంచెం దూరంగ, ఎత్తుగ లేపిన. అప్పుడు గూడ ఇయ్యకుంటే ఇగ మ్యాచంత భయపడ్తది. భయపడ్డదని అవతలోళ్ళకు గూడ తెలుస్తది. గప్పుడు మాకు కొట్టేటోళ్ళు ఒకలు తక్కువైనట్టే గద."

కాసేపాగి, కిటికీ వైపు చూస్తూ అంది, "నువ్వు మేడంకు ఫోన్ చేసినవంట."

నేనేం మాట్లాడలేకపోయాను. బస్సు వరి పొలాల మధ్య పోతోంది. అంతకు ముందేడు ఇది కాలువ కట్ట మీద స్కూటీతో పడింది. మోచేయి గీసుకుపోయింది, అంతే. ఆ రోజే తాళం చెవి తీసుకుని బీరువాలో పెట్టాను. అప్పటి నుంచి ఆటో కోసం రోడ్డు మీద నిలబడటమే. ఎట్లా పడ్డావని కూడా నేను అడగలేదు. ఆ రోజు బస్సులో అడిగాను.

"బ్రేకులు సరిగ్గ పడుతలేవని నాన్నకు రెండుసార్లు చెప్పిన" అంది.

ఆ రాత్రి మేడంకు మెసేజ్ పెట్టాను, నేనడిగింది మరిచిపొమ్మని. మర్నాడు మా ఆయనతో బ్రేకులు బాగు చేయించి, తాళం చెవి దాని చేతిలో పెట్టాను. మొదట వర్ని దాకే, చీకటి పడకముందే ఇల్లు చేరాలి అన్నాను. అది నవ్వింది. "దూరంగ, ఎత్తుగ ఇస్తున్నవా అమ్మా?" అంది.

అత్తమ్మ ఇప్పటికీ ఎన్ని పాయింట్లు కొట్టినవనే అడుగుతుంది. నేను మాత్రం, "ఇయ్యాల ఎవరికెవరికి ఇచ్చినవే?" అని అడుగుతున్నాను. అన్నం తింటున్నంతసేపూ చెబుతూనే ఉంటుంది.