పూర్తికాని మూడు బొంతలు

మా ఇంట్లో ఇప్పుడు మూడు బొంతలు సగంలో ఉన్నాయి. ఒకటి చాపలా చుట్టి అటక మీద ఉంది. ఒకటి దండెం మీద వేలాడుతోంది. మూడోది ఇంట్లో కూడా లేదు, ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఒక రేకు పెట్టెలో ఉంది. మేమంటే మా అమ్మ, మా వదిన, బడిలో పాఠం చెప్పే మూడో మనిషి. ముగ్గురం సవరలం, సీతంపేట కొండల వాళ్ళం. అన్నయ్య ఇల్లూ మా ఇల్లూ ఒకటే వాకిలి. పోడు పని, జీడితోట పని, బడి, వంట అన్నీ అయ్యాక మిగిలిన పొద్దులో సూది పట్టుకుంటాం. అమ్ముకోవడానికి కాదు, సరదాకి. అమ్మ మాత్రం సరదా అనే మాట ఒప్పుకోదు. చలికి కప్పుకునేది సరదా ఎలా అవుతుందని అడుగుతుంది.

బొంత ఎలా పుడుతుందో తెలియని పిల్లలు ఇప్పుడు మా ఊళ్ళలోనూ ఉన్నారు కాబట్టి కొంచెం చెప్పాలి. అడుగున ఒక చీర నిండుగా పరుస్తాం. అది చిరుగు లేనిదై ఉండాలి, ఒంటికి తగిలేది అదే. దాని మీద చినిగిన చీరలు, తువ్వాళ్ళు, పాత లంగాలు రెండు మూడు వరసలు. అన్నిటికంటే పైన కత్తిరించిన ముక్కలు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, ముడత లేకుండా చేత్తో సాపు చేసి, ముందు పొడుగు టాకాలతో అన్నిటినీ ఒకటిగా పట్టిస్తాం. తర్వాత అసలు కుట్టు. అమ్మ అంచు దగ్గర మొదలుపెడుతుంది. నాలుగు వైపులా చుట్టూ ఒక వరస, దాని లోపల ఇంకో వరస, అలా తిరుగుతూ తిరుగుతూ నడిమికి చేరుతుంది. వదిన పుట్టింటివాళ్ళు ఒక కొస నుంచి ఇంకో కొసకి అడ్డంగా కుడతారు. అమ్మ పద్ధతిలో నడిమికి వచ్చేసరికి గుడ్డ ఉబ్బుతుంది, సాపు చేసుకుంటూ రావాలి. వదిన పద్ధతిలో ఆ ఉబ్బు పక్కకి జారిపోతుంది. ఎవరిది మంచి పద్ధతి అని అడిగితే మాత్రం ఆ పూట అన్నం ఆలస్యమవుతుంది.

కుట్టడం కంటే గుడ్డ దొరకడమే ఇప్పుడు కష్టం. నూలు చీరలు కట్టేవాళ్ళు తగ్గిపోయారు. సంతలో కొనేవన్నీ జారుడు చీరలు. రంగులు బాగుంటాయి, తొందరగా చిరగవు కూడా. కానీ బొంతలో వేస్తే పొరలు ఒకదాని మీద ఒకటి నిలవవు, చెమట పీల్చవు, నిప్పురవ్వ పడితే ముద్దగా కరిగి అంటుకుంటాయి. పొయ్యి పక్కన పడుకునే ఇళ్ళలో అది చిన్న విషయం కాదు. అందుకని అమ్మ ఒక నియమం పెట్టింది. జారుడు చీర పైన ముక్కగా రావచ్చు, అది కూడా చిన్న ముక్కగానే. లోపలి పొరల్లోకి రాకూడదు. ఎవరింట్లోనైనా ముసలావిడ నూలు చీరలు కట్టుకుంటుందని తెలిస్తే వదిన ఆ ఇంటివాళ్ళతో మాటలు కలుపుతుంది. ఇది నవ్వడానికి రాసింది కాదు, నిజం.

ఇక రేకు పెట్టెలో ఉన్న బొంత సంగతి. నాలుగో తరగతి పిల్ల ఒకతి సెలవుల తర్వాత ఇంటి నుంచి బొంత తెచ్చుకుంది. వాళ్ళ నాన్నమ్మ కుట్టింది. పక్క మంచం పిల్లలు దాన్ని చూసి నవ్వారు. మిగతా అందరి దగ్గరా అంగట్లో కొన్న రగ్గులున్నాయి. ఆ పిల్ల బొంతను మడిచి రగ్గు కింద పరుచుకోవడం మొదలుపెట్టింది, ఎవరికీ కనబడకుండా. నవ్విన పిల్లలవీ బొంతలున్న ఇళ్ళే. కొండ మీది చలికి వాళ్ళను చంటితనంలో చుట్టి పెట్టింది ఏ రగ్గో కాదు.

దీని మీద పాఠం చెబితే పిల్లలు తలలూపి మర్చిపోతారు. అందుకని పొట్టివైపోయిన యూనిఫాంలు అడిగి తీసుకున్నాం. చొక్కాల వీపులు, లంగాల కింది భాగాలు బాగుంటాయి. చంకలు, మోకాళ్ళు పనికిరావు. ఒక్కో ముక్క జానెడు చదరం. అడ్డం ఎనిమిది, నిలువు పది, మొత్తం 80. ముక్కలన్నీ రెండే రంగులు కావడంతో మొదట బోసిగా ఉంటుందనుకున్నాం. పరిచి చూస్తే అలా లేదు. ఎండలో ఎక్కువ ఉతికినవి వెలిసిపోయాయి, కొత్తవి ముదురుగా ఉన్నాయి. ఒకే నీలంలో ఆరేడు నీలాలు కనబడ్డాయి. పిల్లలే వెలిసినవి నడిమికి, ముదురువి అంచుకి అని తేల్చారు. ఆదివారం మధ్యాహ్నాలు అమ్మ, వదిన బడికి వస్తారు. ఎవరి ముక్క వాళ్ళు కుడతారు. మధ్యలో లెక్కలూ జరుగుతాయి. ముక్కకు జానెడు అయితే బొంతకు ఎంత దారం కావాలి, ఒక ఉండలో ఎన్ని ముక్కలు వస్తాయి అని. నాన్నమ్మ బొంత దాచుకున్న పిల్ల ముక్క అంచు లోపలికి మడవడంలో అందరికంటే నేర్పరి. ఇప్పుడు మిగతా వాళ్ళు మడత పెట్టించుకోవడానికి ఆమె దగ్గరికే వెళుతున్నారు. ఇప్పటికి 53 ముక్కలయ్యాయి.

డి.ఎడ్. చదివిన రోజుల్లో కుట్టుపని మాకూ ఉండేది. జేబురుమాలు మీద గులాబీ పువ్వు కుట్టి మార్కులు వేయించుకోవాలి. బొంత మాట ఎవరూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. అసలు దాన్ని ఒక విద్య అనుకోవాలని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

దండెం మీద ఉన్నది వదిన మొదలుపెట్టిన బొంత. మా ఇంట్లో గొడవంతా దాని గురించే.

జేగురు రంగు నూలు చీర ఒకటి దొరికింది. దాన్ని చూడగానే ముగ్గురికీ ఒకటే గుర్తొచ్చింది, ఎర్రమట్టి అలికిన గోడ. ఆ గోడ మీద బియ్యప్పిండి నీళ్ళతో మావాళ్ళు రాసే ఎడిసింగ్. రాసే అన్నాం చూడండి. మా భాషలో దాన్ని గీయడం అనరు, రాయడం అనే అంటారు. ముందు చుట్టూ గీత రాస్తారు. అది ఇల్లు. తర్వాత అంచు నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. చేతులు పట్టుకున్న మనుషుల వరసలు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, పొద్దు, చందమామ. అమ్మ బొంత కుట్టే తీరూ అదే కదా అని వదినకే మొదట తట్టింది. అంచు నుంచి లోపలికి. తెల్లదారంతో ఈ చీర మీద ఎడిసింగ్ కుడదాం అంది.

అమ్మ వద్దంది.

అమ్మ మాట ఇది. ఎడిసింగ్ బొమ్మ కాదు. ఇంట్లో జబ్బు చేసినప్పుడో, కొత్త పంట వచ్చినప్పుడో కుడాన్ చెబితే రాస్తారు. పోయినవాళ్ళను, దేవతలను పిలిచి, ఇదిగో మీకు ఇల్లు కట్టాం, ఇందులో ఉండండి అని చెబుతారు. "గోడ మీద ఉంటే వాళ్ళు మనల్ని చూస్తుంటారు. బొంత మీద కుడితే వాళ్ళ మీద నువ్వు కాళ్ళు చాపుకుంటావు. చంటిది ఉచ్చ పోస్తుంది. ఇల్లు ఇస్తానని పిలిచి ఇలాగేనా చేసేది?" అంది.

వదిన మాట ఇంకొకటి. ఆమె పుట్టింటి ఊరు ఆమె పుట్టకముందే క్రైస్తవంలోకి వెళ్ళింది. అక్కడి గోడల మీద ఎడిసింగ్ లేదు. చిన్నప్పుడు చూడలేదు, మా ఇంటికి కోడలిగా వచ్చాకే చూసింది. "మీకు గోడ ఉంది అత్తా. మా అమ్మావాళ్ళకి లేదు. గోడ మీద రాయమంటే వాళ్ళు రాయరు, రాయకూడదు కూడా. గుడ్డ మీద ఉంటే కనీసం మా తమ్ముడి పిల్లలు ఇవి మనవి అని చూస్తారు" అంది.

ఇద్దరి మాటలోనూ తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే ఆ గొడవ ఇంకా తెగలేదు. బయటివాళ్ళకు ఇదంత పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు. ఇప్పుడు సవర బొమ్మలు చీరల మీద, సంచుల మీద, ప్రభుత్వ కార్యాలయాల గోడల మీద వస్తున్నాయి. అవి చూసి సంతోషించే మావాళ్ళూ ఉన్నారు, మేమూ కొంత సంతోషిస్తాం. కానీ ఒకరోజు పట్నం నుంచి ఒకాయన వచ్చి దండెం మీది బొంత చూసి, గిరిజన డిజైనుతో ఇలాంటివి పది కావాలి, అన్నీ ఒకేలా ఉండాలి అన్నాడు. మంచి ధరే చెప్పాడు. ఆయన వెళ్ళాక అమ్మ అడిగిన ప్రశ్న ఒకటే. పది ఇళ్ళలో ఒకే ఇల్లు ఎలా ఉంటుంది? ఎడిసింగ్‌లో ఏ ఇంటిది ఆ ఇంటిదే. ఎవరి కోసం రాశారో వాళ్ళ సంగతులు అందులో ఉంటాయి. ఈసారి వదిన కూడా అమ్మ వైపే ఉంది. ఆయనకు కుట్టి ఇవ్వలేదు.

అయితే ఎడిసింగ్ ఎప్పుడూ ఒక్కచోట ఆగింది కాదు. వెరియర్ ఎల్విన్ ఒరిస్సా వైపు సవరల గోడబొమ్మల గురించి 1950లలో అచ్చయిన పుస్తకాల్లో రాశారు. సైకిళ్ళు, విమానాలు అప్పటికే మావాళ్ళ గోడల మీదికి ఎక్కాయి. చూసినదాన్ని రాసుకునే అలవాటు పాతదే అన్నమాట. ఈ సంగతి చెబితే అమ్మ ఆశ్చర్యపోలేదు. తన మేనమామ ఇంట్లో గొడుగు పట్టుకున్న మనిషిని చూశానంది. కొంచెం ఆలోచించి, సైకిల్ కుట్టుకోండి, సైకిల్‌కి కోపం రాదు అంది.

మాకు దారి దొరికింది అక్కడే. పిలిచి కూర్చోబెట్టినవాళ్ళను వదిలేసి, మన కళ్ళ ముందు తిరిగేవాటిని కుట్టుకోవడం. జేగురు చీర మీద ఇప్పుడు సైకిల్ ఉంది. అనాసపళ్ళ గంపలు ఎత్తుకున్న ఆడవాళ్ళ వరస ఉంది. ఘాట్ రోడ్డు మలుపులో ఆటో ఉంది, దాని వెనక వేలాడుతున్న ముగ్గురు మనుషులు ఉన్నారు. సెల్‌ఫోన్ సిగ్నల్ కోసం బండ ఎక్కిన కుర్రవాడు ఉన్నాడు. మనుషుల నడుములూ చేతులూ మాత్రం గోడ మీది తీరే. అంత మాత్రానికి అమ్మ ఏమీ అనలేదు.

వేరేవాళ్ళ బొంతలనుంచీ నేర్చుకున్నాం. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల్లో సిద్దీలు ఉన్నారు. వాళ్ళ పెద్దలు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. 2003లో అక్కడ షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. వాళ్ళ ఆడవాళ్ళు కుట్టే బొంత పేరు కవంది. ఫోన్‌లో ఆ ఫోటోలు చూపిస్తే అమ్మ తెర మీద వేలు పెట్టి వరసలు లెక్కపెట్టింది. వాళ్ళూ అంచు నుంచే మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు! అమ్మ ఆ రోజంతా వదిన వైపు గర్వంగా చూసింది. కవంది నాలుగు మూలలా మడిచిన చిన్న ముక్కలు పువ్వుల్లా నిలబడి ఉంటాయి. అవి లేకపోతే బొంత పూర్తయినట్టు కాదని వాళ్ళ నమ్మకం. యూనిఫాం బొంత నాలుగు మూలలకీ అలాంటివి పెట్టాలని పిల్లలు పట్టుబట్టారు. పెడతాం. పెట్టేటప్పుడు సిద్దీల పేరు చెప్పి పెడతాం.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని ఒక ఊరుంది. బానిసలుగా పత్తి తోటల్లో పనిచేసినవాళ్ళ సంతతి నల్లజాతి ఆడవాళ్ళు అక్కడ తరాలుగా బొంతలు కుట్టారు. 2002లో వాటిని హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు, 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేశారు. పత్తి ఏరిన చేతులకు కొత్త గుడ్డ అందలేదు. పని బట్టలు చినిగాకే అవి బొంతలయ్యాయి. ఆ ఊళ్ళో మిసోరి పెట్‌వే అనే ఆవిడ భర్త పోయాక 1942లో ఆయన పని బట్టలతోనే ఒక బొంత కుట్టింది. నీలం, బూడిద రంగు, తెలుపు ముక్కలు. మోకాలి దగ్గర అరిగిన చోటు, మరక పడిన చోటు అలాగే కనిపిస్తాయి.

ఆ ఫోటో చూపించినప్పుడు అమ్మ ఏమీ మాట్లాడలేదు. అటక ఎక్కి చుట్ట దించింది. నాన్న పోయి నాలుగేళ్ళు. ఆయన పంచెలు, లుంగీలు, ఒక ఖాకీ చొక్కా కలిపి మొదలుపెట్టిన బొంత అది. అంచు చుట్టూ మూడు వరసలు కుట్టి ఆపేసింది. ఎందుకు ఆపావని మేము ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు తనే చెప్పింది. చొక్కా జేబు విప్పి సాపు చేయాలా, జేబులాగే ఉంచాలా తేలలేదట. ఆ జేబులో ఆయన చుట్టలు పెట్టుకునేవాడు, లోపల ఇంకా పొగాకు మరక ఉంది. "ఆవిడ మరకలు ఉంచేసింది కదా" అంది ఫోన్ వైపు చూపిస్తూ. మర్నాడు జేబును జేబులాగే ఉంచి, మూతి తెరిచి పెట్టి, చుట్టూ కుట్టింది. నాలుగో వరస సగం అయింది. ఆ బొంత మీద వదినా మేమూ చెయ్యి వేయం. దారం ఎక్కించి ఇస్తాం, అంతే. అమ్మ కళ్ళకి సూది బెజ్జం ఆనడం లేదు.

దండెం మీది బొంతకి ఒక్కటే మిగిలింది. చుట్టూ తెల్లగీత కుట్టాలా వద్దా? గీత కుడితే అది ఇల్లవుతుంది, ఇల్లయితే ఎవరో వచ్చి ఉంటారని అమ్మ. గీత లేకపోతే బొమ్మలు గాలిలో ఉన్నట్టున్నాయని వదిన. మొన్న కందికొత్తల పండుగకి వదిన తమ్ముడి పిల్లలు వచ్చి ఆటో వెనక వేలాడుతున్న మనుషుల్లో తమ నాన్న ఎవరో వెతుక్కున్నారు. అమ్మ పక్కనే కూర్చుని చూసింది. రాత్రి పడుకోబోయే ముందు, మూడు వైపులా కుట్టి నాలుగో వైపు వదిలేస్తే ఎలా ఉంటుంది అని అడిగింది. వదిన ఆలోచిస్తానంది. రెండు వైపులు అయ్యాయి.