నాన్న ఎక్కిన చైనా కొండ

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ‘వేసవి కొండలు’ అని ఒక చైనా బొమ్మ ఉంది. పట్టుగుడ్డ మీద సిరాతో, కొద్దిపాటి రంగులతో సుమారు 1050లో వేసింది. చూ డింగ్ అనే ఆయన వేశాడంటారు. ఎత్తు 45 సెంటీమీటర్లు, పొడవు 115. అంతే. ఐసెలిన్‌లో మా ఇంటి టీవీ అంతకంటే పెద్దది.

గోడకి తగిలించే బొమ్మ కాదిది, చుట్ట. కుడి నుంచి ఎడమకి కొంచెం కొంచెం విప్పుతూ, చూసినంత మేరా మళ్ళీ చుట్టేస్తూ చూడాలి. (నేను రోజంతా ఆఫీసులో చేసే స్క్రోలింగుకి తాతగారన్నమాట.) అందుకే దీన్ని ఒకచోట నిలబడి చూడడం కుదరదు, కళ్ళతో నడవాలి. ముందు నీళ్ళు, చెట్లు, చీమలంత బాటసారులు. కొండల మడతలో మఠం కప్పులు. వాటి వెనక, ఇంకేమీ అక్కర్లేదన్నట్టు పెద్ద కొండ.

అదే శతాబ్దంలో గువో షీ అని గొప్ప చిత్రకారుడుండేవాడు. ఆయన ఆలోచనల్ని కొడుకు పుస్తకంగా కూర్చాడు. కొండల్లో తిరగాలని ఉన్నా కొలువూ సంసారమూ వదిలి పోలేనివాళ్ళు కూర్చున్నచోటే తిరిగి రావడానికే ఈ బొమ్మలని అందులో ఉంటుంది. వీసా స్టాంపింగ్ భయంతో మూడేళ్ళుగా ఇండియా వెళ్ళని నేను, అది నాకోసమే రాశారనుకున్నాను.

పోయిన వేసవిలో అమ్మానాన్నలు వచ్చారు. నాన్న ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయాయి. మెట్రోపార్క్‌లో రైలెక్కితే న్యూయార్కే, అయినా మ్యూజియంలో అంతసేపు నడవలేనన్నారు. వీల్‌చైర్ మాటెత్తితే మొహం తిప్పుకున్నారు. మ్యూజియం వెబ్‌సైటులో ఆ బొమ్మ తీసి, ఐప్యాడ్ చేతిలో పెట్టాను.

బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. బాటసారుల మీద వేలు పెట్టి, “వీళ్ళు ఎటునుంచి ఎక్కుతార్రా?” అన్నారు.

“మఠం అదిగో, పైన.”

“అది కనపడుతోందిలే. దారేదీ?”

చాలాసేపు వెతికారు. పెద్దది చేసి, చిన్నది చేసి, చెట్ల వెనక తప్పిపోయి. “ఇక్కడో మలుపుండాలి. మన మోకాళ్ళ పర్వతం లాంటిది,” అన్నారు. “అక్కడ టీ దొరుకుతుందేమో కనుక్కోండి,” అంది వంటింట్లోంచి అమ్మ. నాన్న నవ్వలేదు. ఆయన నిజంగానే ఎక్కుతున్నారు. నేను అన్నిసార్లు చూశాను కదా ఆ బొమ్మని, ఒక్కసారీ దారి వెతకలేదు. నాకు మఠం కనపడితే చాలు, చేరినట్టే. మెట్టు మెట్టూ ఎక్కినవాడికి అది చాలదేమో.

వెళ్ళేముందు ఆ బొమ్మ ఫోన్లోకి పంపమన్నారు. పంపాను. నిన్న పొద్దున్న మీటింగులో ఉండగా వాట్సాప్‌లో దాని ముక్కొకటి వచ్చింది. మఠానికి కాస్త కిందగా, చెట్ల పక్కన ఎర్రగా సున్నా చుట్టి ఉంది. కింద రెండే మాటలు: “ఇదిగో దారి.”