బంగారుపేట ప్లాట్‌ఫారం మీద అన్న మాట

మా నాయన చదివిన బైబిలు ఇప్పుడు బెంగుళూరులో, మా ఇద్దరిలో పెద్దవాడి ఇంట్లో ఉంది. అట్ట ఎప్పుడో ఊడిపోతే నాయన పాత ఖాకీ ప్యాంటు గుడ్డ కోసి అమ్మ కుట్టింది. లోపల యోహాను సువార్త చివరి అధ్యాయం ఉన్న పేజీ మీద వేలెడంత నూనె మరక ఉంటుంది. మొన్న క్రిస్మస్ సెలవులకి అందరం కలిసినప్పుడు పిల్లలు ఆ పేజీ తీసి, "తాత బైబిలు మీద కూర ఒలకబోసింది ఎవరు?" అని అడిగారు. ఆ మరక మాదే. దాని కథ వాళ్ళకి ఇంతవరకు చెప్పలేదు, సిగ్గుపడి. ఇప్పుడు అన్నదమ్ములం ఇద్దరం కూర్చుని, ఒకరు మర్చిపోయింది ఇంకొకరు గుర్తు చేస్తూ రాస్తున్నాం.

మా తాత పలమనేరు పక్క నుంచి కోలారు బంగారు గనుల్లో కూలికి వచ్చినవాడు. అప్పుడు గనులు జాన్ టేలర్ కంపెనీ చేతిలో ఉండేవి. 1956లో మైసూరు ప్రభుత్వం తీసుకుంది, నాయన చేరింది ఆ తర్వాత. ఛాంపియన్ రీఫ్‌లో, భూమి లోపల పని. చివరికి మేస్త్రి అయ్యాడు. మేం పుట్టి పెరిగింది గని లైన్లలో. ఒకటే గది, ముందు వెదురు తడిక. ఒక పక్క ఇంట్లో తమిళం, ఇంకో పక్క కన్నడం. తెలుగు చదవడం మాత్రం ఆదివారం గుడిలోనే నేర్చుకున్నాం, అదీ బైబిలు చూసి. అందుకే చిన్నప్పుడు మాకు తెలుగు రెండు రకాలు: ఇంట్లో "వచ్చినాడు", పుస్తకంలో "వచ్చెను". ఒకసారి పలమనేరులో బస్సు దిగి చిన్నోడు "ఇదిగో మేము వచ్చియున్నాము" అన్నాడు. చుట్టాలు ఆ ఏడాదంతా అదే చెప్పుకుని నవ్వారు.

గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. నాయన అంతకు కొన్ని నెలల ముందే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాడు. చేతికొచ్చిన డబ్బులో రెండు లక్షలు మా ఇద్దరి చేతిలో పెట్టి, "ఏదైనా చేసుకుని బతకండిరా, లోపలికి దిగే పని మాత్రం వద్దు" అన్నాడు. దిగడానికి అప్పటికి గనే లేదనుకోండి. అలవాటుగా అన్న మాట అది.

ఆ డబ్బుతో రాబర్ట్‌సన్‌పేటలో ఎస్‌టీడీ బూత్ పెట్టాం. పసుపు బోర్డు, అద్దాల క్యాబిన్, పక్కన జిరాక్స్ మిషను. మొదటి రెండేళ్ళు బాగానే నడిచింది. గని పోయాక ఊళ్ళో మగవాళ్ళు సగంమంది బెంగుళూరుకి, గల్ఫ్‌కి పనికి పోయారు కదా, రాత్రి రేటు తగ్గే వేళకి ఆడవాళ్ళు పిల్లల్ని చంకనెత్తుకుని క్యూ కట్టేవాళ్ళు. మేం మహా తెలివిగలవాళ్ళం అనుకున్నాం. 2003లో సెల్‌ఫోన్లకి ఇన్‌కమింగ్ ఉచితం చేశారు. ఏడాది తిరిగేసరికి మా క్యాబిన్‌లో ఈగలు తప్ప ఎవరూ లేరు.

ఇంతవరకు మా తప్పు పెద్దగా లేదు. కాలం మారింది, మాలాంటి బూత్‌లు దేశమంతా మూతపడ్డాయి. మా తప్పు ఆ తర్వాత మొదలైంది. నాయనతో నిజం చెప్పి షాపు మూసేయాల్సింది పోయి, వడ్డీకి తెచ్చి ఇంకో మిషను కొన్నాం. నూటికి నెలకి పది. ఆ వడ్డీ వ్యాపారి మా మొహం చూసి ఇవ్వలేదు. "ఏ లైను? ఛాంపియన్ మేస్త్రి కొడుకులా? అయితే ఇస్తాను" అన్నాడు. కాగితం మీద సంతకం మాదే అయినా పూచీ మాత్రం నాయన పేరే. ఆయనకి ఆ సంగతే తెలియదు.

2004 చివరికి షాపు పోయింది. అప్పు మాత్రం పోలేదు, మూడింతలైంది. ఇద్దరం మారికుప్పం నుంచి బెంగుళూరుకి పోయే తెల్లవారుజాము రైలెక్కి పనికి పోవడం మొదలుపెట్టాం. ఇంట్లో "షాపు అద్దెకిచ్చాం, బెంగుళూరులో ఇంకో బ్రాంచి చూస్తున్నాం" అని చెప్పాం. నిజానికి ఒకడు లేతు మిషను దగ్గర హెల్పరు, ఇంకొకడు గోడౌన్‌లో మూటలు లెక్కపెట్టేవాడు.

భయం గురించి కొంచెం చెప్పాలి. ఎవరైనా తడిక కొడితే గుండె జారేది. సైకిల్ బెల్లు మోగితే లోపలికి పోయేవాళ్ళం. ఫోను బూత్ పెట్టినవాళ్ళం, ఫోను మోగితే వణికేవాళ్ళం. రాత్రిళ్ళు ఒకే చాప మీద పడుకుని, ఇద్దరం మేలుకునే ఉండి, నిద్రపోయినట్టు నటించేవాళ్ళం.

ఒకరోజు సాయంత్రం తిరుగు రైలు బంగారుపేటలో ఆగితే టీ తాగడానికి దిగాం. వడ్డీ వ్యాపారి మనిషి ఒకడు ప్లాట్‌ఫారం మీద నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు. మమ్మల్ని సరిగా ఎరగడు. దగ్గరికొచ్చి తమిళంలో, "మీరు ఛాంపియన్ మేస్త్రి కొడుకులు కదా?" అన్నాడు. కాదన్నాం. "ఆయన్ని ఎరుగుదురా?" అన్నాడు. "ఆయనెవరో మాకు తెలీదు" అన్నాం. ఇద్దరం ఒకేసారి అన్నాం. మాట్లాడుకుని కూడా అనలేదు. వాడు వెళ్ళిపోయాడు. మిగిలిన దారంతా మేం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ తర్వాత గుడికి పోవడం మానేశాం. పోతే రాగం, తాళం పేర్లు పైన అచ్చు వేసిన ఆ పాత కీర్తనల పుస్తకం నాయన తెరిచి, మధ్యలో పట్టుకుని, ఇటొకణ్ణి అటొకణ్ణి నిలబెట్టుకుని పాడతాడు. ఆ నిలబడడం మా వల్ల కాలేదు. అంతకుముందే పై ఊరి బోధకుడొకాయన కూటాలకి వచ్చి, వ్యాపారంలో నష్టపోయేవాళ్ళు దశమభాగం ఎగ్గొట్టినవాళ్ళే అని గట్టిగా చెప్పి పోయాడు. ఇప్పుడు ఆలోచిస్తే యోబు స్నేహితులే ఆయనకన్నా నయం. వాళ్ళు కనీసం ఏడు రోజులు నోరెత్తకుండా పక్కన కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడగొట్టారు.

2006 జనవరిలో అండర్సన్‌పేట సంతలో ఆ వ్యాపారే నాయనకి ఎదురుపడి అంతా చెప్పేశాడు. షాపు, అప్పు, పూచీ, ప్లాట్‌ఫారం మీద మాట కూడా. ఆ సంగతి మాకు తెలియదు. నాయన వారం రోజులు ఏమీ అనలేదు. ఆదివారం ఇంకా చీకటుండగానే మమ్మల్ని లేపాడు. జనవరి చలి కోలారు పక్క ఎట్లుంటుందో ఎరిగినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. తడిక బయట కుంపటి రాజేసి పెట్టాడు. అమ్మ రాగి సంగటి, పితికిపప్పు కూర చేసింది. అనపకాయల కాలం అది. ఆ వాసనకే మాకు తెలిసిపోయింది, ఏదో ఉందని. పొద్దున్నే పితికిపప్పు పండగలకి తప్ప చేయదు.

"నాయనా, నీకొక మాట చెప్పాల..." అని పెద్దోడు మొదలుపెట్టాడు.

"ముందు తినండిరా" అన్నాడు.

తిన్నాం. మింగుడుపడలేదు, అయినా తిన్నాం. ఇంకో ముద్ద వేయమని అమ్మతో అన్నాడు. అదీ తిన్నాక, బైబిలు తెచ్చి చిన్నోడి చేతిలో పెట్టి యోహాను చివరి అధ్యాయం చదవమన్నాడు. చేయి సరిగా కడుక్కోకుండానే వాడు పేజీ తిప్పాడు. మరక అట్లా పడింది.

ఆ అధ్యాయం మాకు ఆదివారపు బడి నుంచీ తెలుసు. రాత్రంతా వల వేసినా చేప పడకపోవడం, తెల్లారేసరికి ఒడ్డున యేసు నిలబడి ఉండడం, నూట యాభై మూడు చేపలు, అన్నీ తెలుసు. నాయన మమ్మల్ని ఆపింది మాత్రం నిప్పుల దగ్గర. "ఈ పేతురు అంతకుముందు ఎక్కడ చలి కాచుకున్నాడు?" అన్నాడు. ప్రధాన యాజకుడి ముంగిట్లో, మంట దగ్గర. అక్కడే మూడుసార్లు ఆయనెవరో తెలియదన్నాడు. ఆ రెండుచోట్లా గ్రీకులో ఒకటే మాట ఉందని, బొగ్గుల నిప్పులని అర్థమని, చాలా ఏళ్ళ తర్వాత ఒక పాస్టరయ్య చెప్పారు మాకు. నాయనకి గ్రీకు రాదు. కుంపటి వైపు చూపించి, "మళ్ళీ నిప్పుల దగ్గరికే పిలిచినాడు చూడండి. కానీ ముందు ప్రశ్న అడగలేదు, ముందు తిండి పెట్టినాడు" అన్నాడు.

అప్పుడు అర్థమైంది మాకు, ఆయనకి అంతా తెలుసని. ప్లాట్‌ఫారం సంగతి ఆయన నోటితో ఆ రోజు ఎత్తలేదు, చనిపోయేదాకా ఎత్తలేదు. మేమే ఏడుస్తూ చెప్పాం.

తర్వాత మేం ఊహించని మాట చెప్పాడు. గనిలో దిగిన ఇన్నేళ్ళూ ఒక్కరోజు కూడా భయం లేకుండా కేజి ఎక్కలేదన్నాడు. మాకు ఆయన ఏ భయమూ లేని మనిషి. మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతు గని అది, రాయే వేడిగా ఉంటుంది. లోపల ఎయిర్ బ్లాస్ట్ అయితే పైన మా లైన్లలో గిన్నెలు గలగలమనేవి, ఆడవాళ్ళు షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. "కేజి తలుపు పడంగానే కాళ్ళు వణికేవిరా. భయం తీసెయ్యి దేవా అని మొదట్లో ప్రార్థన చేసేవాణ్ణి. తీసెయ్యలేదు. తర్వాత, నువ్వు కూడా దిగు అని అడగడం మొదలుపెట్టినా" అన్నాడు. పక్కన నిలబడ్డ తమిళాయన మరియమ్మ పేరు తలుచుకునేవాడట, ఇంకొకాయన అల్లా పేరు. అందరి కాళ్ళూ అట్లనే వణికేవట. అది చెప్పి నవ్వాడు.

ఏలీయా సంగతి అమ్మ ఎత్తింది. యెజెబెలుకి భయపడి పారిపోయి, బదరీ చెట్టు కింద పడుకుని చావు కోరుకున్నాడు కదా. దూత వచ్చి, పిరికివాడా అని తిట్టలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. "రెండుసార్లు పెట్టినాడు, నేనూ రెండో ముద్ద అందుకే వేసినా" అంది అమ్మ. వేయమన్నది నాయనే, కానీ ఆ పేరు ఆమెకే పోనివ్వండి.

ఆ పొద్దుటితో అప్పు తీరిపోలేదు. అద్భుతాలు జరిగాయని సాక్ష్యం చెప్పేవాళ్ళని మేం కాదనం, మాకు మాత్రం జరగలేదు. భయం కూడా అన్నాళ్ళుంది. తీరడానికి 2012 దాకా పట్టింది. పెద్దోడి పెళ్ళి మూడేళ్ళు వెనక్కి పోయింది. అమ్మ చెవుల కమ్మలు పోయాయి, అవి మళ్ళీ రాలేదు. నాయన 2014లో పోయాడు. ఆ ఊళ్ళోనే సమాధి, దూరంగా సైనైడ్ దిబ్బలు కనిపిస్తాయి.

ఆ ఆదివారం గుడికి పోయాం. పుస్తకం ఆయన మధ్యలో పట్టుకున్నాడు. సోమవారం పనికి పోకుండా వడ్డీ వ్యాపారి దగ్గరికి బయల్దేరాం. నాయన్ని కూడా రమ్మన్నాం. "నేను రాను, మీరే పోవాల" అన్నాడు. దారిలో ఇద్దరికీ కాళ్ళు వణికాయి. అక్కడ గల్లాపెట్టె పక్కన ప్లాట్‌ఫారం మనిషే కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి కళ్ళు చిన్నవి చేసి, "ఆ రోజు కాదన్నది మీరే కదా?" అన్నాడు.

"మేమే. మేస్త్రి కొడుకులమే" అన్నాం.

వాడు వేలు తడుపుకుని లెక్కల పుస్తకం తిప్పి, మా పేజీ తీసి, "ఈ నెలది తెచ్చినారా?" అన్నాడు. పదిహేను వందలు ఇచ్చాం. రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.