రాజుగాడి వాకిట్లో కొత్త పిల్ల

జగ్గయ్యపేటలో మా అరుగు ఏళ్లుగా మా ముసలి కుక్క రాజుగాడిది. నందిగామలో చెల్లెలింటి నుంచి రెండు నెలల కుక్కపిల్లను తెస్తుంటే నా దిగులంతా వాడి గురించే. తిన్నగా ఇంట్లోకి తేలేదు. అలాగని పార్వో టీకాలు పూర్తికాని పిల్లను వీధికుక్కలు తిరిగే నేల మీద దించకూడదు. అందుకే పక్కింటివాళ్ల మేడ మీద, గొలుసు వదులుగా పట్టుకుని చూపించాం.

రాజుగాడు వెనకనుంచి వచ్చి వాసన చూశాడు. పిల్ల ఎగిరి మూతి నాకబోయింది. వాడి పైపెదవి కాస్త లేచి, ఒక పక్క కోర కనిపించింది. గొంతులో గుర్రు. పిల్ల టక్కున వెల్లకిలా పడి పొట్ట చూపించింది. కసరబోయిన అమ్మను ఆపాను. ఆ గుర్రు పొగరు కాదు, హెచ్చరిక. కొట్టి మాన్పిస్తే రేపు చెప్పకుండానే కరవొచ్చు. పిల్లకి హద్దు నేర్పడంలో వాడికున్న నేర్పు నాకు లేదు.

గిన్నెలు వేరువేరు గదుల్లో, ముందు వాడికే. మా మెట్ట ఎండల్లో ముసలి ప్రాణానికి మధ్యాహ్నం నిద్ర ముఖ్యం. ఆ వేళ పిల్లను లోపలే ఉంచుతాం. నులకమంచం కింద చల్లటి చోటు వాడింకా ఇవ్వలేదు, ఇవ్వమని నేనూ బలవంతపెట్టను. పిల్లకి టీకా రెండో డోసు దగ్గరపడింది. మూడో నెల నిండగానే రేబిస్‌ది వేయించాలి.