నడి అర్రకు వెలుగు

నారాయణఖేడ్ పాత ఊళ్లో ఇళ్లు చాలావరకు గోడకు గోడ ఆనుకునే ఉంటాయి. ముందు గదికి వీధి వెలుగు, వెనక గదికి పెరటి వెలుగు. నడి అర్రకు ఏదీ లేదు. ఇళ్ల ప్లాన్లు గీసే నా దగ్గరికి తరచూ వచ్చే బాధ ఇదే. "పట్టపగలు లైటేసుకోవాల్నా సారూ?" అంటుంది ఇంటి పెద్దమ్మ. కప్పు మీద అద్దం పరిచేద్దామంటాడు కొడుకు.

నేను ఒప్పుకోను. మామూలు అద్దంలోంచి కిరణం నేరుగా దిగి నేల మీద ఒక్కచోటే మండుతుంది. మూలలు చీకట్లోనే ఉంటాయి. పాలరంగు పాలికార్బొనేట్ షీటు అదే కిరణాన్ని చెదరగొట్టి నాలుగు గోడలకూ పంచుతుంది. కానీ వేడిని ఆపదు. అందుకే కప్పు మీద చిన్న గూడు లేపి, పైన స్లాబు మూత వేసి, షీటును పక్కలకు నిలువుగా పెడతాను. ఉత్తరం వైపు ఎండ రాదని పుస్తకాల్లో చదివి సజ్జ మానేయకూడదు. మనది 18 డిగ్రీల అక్షాంశం. మే రెండో వారం దాటాక జూలై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికే వాలి ఉంటాడు.

బిగించేటప్పుడు వెల్డర్ పక్కనే నిలబడతాను. యూవీ పూత ఉన్న ముఖం బయటికి ఉండాలి, లేకపోతే షీటు పచ్చబడి పెళుసెక్కుతుంది. స్క్రూ కంటే రంధ్రం పెద్దదిగా ఉండాలి. 6 మీటర్ల షీటు 40 డిగ్రీల తేడాకు దాదాపు 16 మిల్లీమీటర్లు సాగుతుంది. దానికి చోటివ్వకపోతే ఉబ్బి పగులుతుంది. గూడు లోపలి గోడలకు తెల్ల సున్నం తప్పనిసరి. కింద షాబాద్ బండ ఉంటే మరీను, అది వెలుగును మింగేస్తుంది.

ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్లను మెదక్ చర్చి చూసి రమ్మంటాను, అదీ పగటిపూట. 1924లో ప్రతిష్ఠించిన ఆ చర్చికి ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు రంగుటద్దాల కిటికీలు 1927, 1947, 1958లలో ఒక్కొక్కటిగా వచ్చాయి. క్రీస్తు ఆరోహణం, జననం, సిలువ. బయటి నుంచి చూస్తే నల్లటి అద్దమే. లోపల నిలబడితే ఎండే బొమ్మ గీస్తుంది. అంత పెద్ద రాతి కట్టడానికి ప్రాణం ఆ అద్దాలే అని నా నమ్మకం.

అది చూసొచ్చినవాళ్లు ఇంటికీ నీలమో ఆకుపచ్చో అడుగుతారు. వంట చేసే చోట ఆకుపచ్చ వెలుగు పడితే పండిన టమాటా కూడా కమిలినట్టు కనిపిస్తుంది, బియ్యంలో రాళ్లు ఆనవు. అక్కడ పాలరంగే. రంగు మీద అంత ముచ్చట ఉంటే మెట్ల దగ్గర పెట్టుకోండి, నేనే గీసిస్తాను.