అంటు నీయని తోట

మా నూజివీడు ప్రాంతమున చిన్నరసము తిని టెంక పాతినవారు కొందఱు గలరు. మొక్క మొలచును, చెట్టగును, కాయలును గాయును. కాని యది తల్లిచెట్టు కాయ గాదు. ఆ రుచియే కావలెనన్న ఆ చెట్టు కొమ్మతో అంటు కట్టవలయును. పండ్లను బుట్టలకొలది అమ్మువాడును కొమ్మ నడిగినచో మొగము చిట్లించును.

కంప్యూటరు భాషల విషయమును నిట్టిదే. మనుష్యుడు చదివి దిద్దుకొనదగిన మూలప్రతి యొకటి. యంత్రము నడుచుటకు మాత్రమే పనికివచ్చు రూప మొకటి. బజారున దొరకునది తఱచుగా రెండవది.

మేము సంస్కృతాంగ్లములు చదివి బడిపంతులమైనవారము. ఇరువదేండ్ల ప్రాయమున సరదాకై విజువల్ బేసిక్ నేర్చి, మార్కుల పట్టికలు వేయు చిన్న ప్రోగ్రాము నొకదానిని వ్రాసికొంటిమి. మైక్రోసాఫ్టు సంస్థ ఆ భాష ఆఱవ కూర్పును 1998లో వెలువరించెను. 2002లో అదే పేర మఱియొకటి వచ్చెను. పాతదానిలో వ్రాసినది దానిలో నేరుగా చెల్లదు. పాతదానిని విడువవలదని 2005లో ఎందఱో సంతకములు చేసి యర్జీ పెట్టిరి. 2008లో సంస్థ దాని పోషణము మానెను. పాత ప్రోగ్రాములు నేటికిని నడచునట్లు చేసినమాట నిజమే. మూలప్రతిని మాత్ర మీయలేదు. హైదరాబాదున పుట్టిన సత్య నాదెళ్ల 2014లో ఆ సంస్థకు పెద్ద యయ్యెను. ఆ యేటనే కొత్త భాషల మూలప్రతులు లోకమునకు వెల్లడియైనవి. పాతదానికి తలుపు తెఱవలేదు.

ఈ సంగతి చెప్పినపుడెల్ల మేము పాణినిని పిలుచుకొని వచ్చెడివారము. సుమారు 4,000 సూత్రములు, ఒక్కటియు దాచలేదు. కనుకనే కాత్యాయనుడు వార్తికములు వ్రాయగలిగెను, పతంజలి వాదింపగలిగెను. సూత్రములకు తాళము వేసినచో వార్తికకారుడెక్కడ?

ఇట్లు మేము ధర్మపన్నములు చెప్పుచుండగా, పరీక్షలలో మార్కులకు మాఱుగా గ్రేడులు వచ్చినవి. పొరుగూరి యుపాధ్యాయు డొకరు మా యింటికి వచ్చి, "మాస్టారూ, మీ ప్రోగ్రాము మూలప్రతి ఇస్తారా? గ్రేడులకు నేనే మార్చుకుంటాను" అనిరి.

"మీకెందుకండీ శ్రమ? నేనే మార్చి పంపిస్తాను" అంటిమి. పంపలేదు. ఆ యేడు వారు పిల్లలందఱి గ్రేడులను చేతితోనే వ్రాసికొనిరి.

ఎందు కీయలేదు? లోపలి వ్రాత గజిబిజి. ఇంటిపేరు పొడవుగానున్న ఒక పిల్లవానికొఱకు వేసిన అతుకైతే పరమ వికారము. చూచి నవ్వుదురని సిగ్గు. ఇంకొకటి చెప్పుటకు నోరు రాదు: ఇచ్చినచో మరల మా గుమ్మము తొక్కరేమో యని. పెద్ద సంస్థకు ఇంతకంటె పెద్ద కారణము లుండవచ్చును. 1983 నాటి జీడబ్ల్యూ బేసిక్ మూలప్రతిని 2020లో వెల్లడించిరి, ముప్పదియేడేండ్లు. మా పొరుగూరి మాస్టరుగారి కంత వ్యవధి లేదు.

మొన్నటి వేసవిలో రసాలబుట్టతో బాటు మూలప్రతిని గూడ తీసికొని వారింటికి వెళ్లితిమి. అప్పటికే వారు పదవీ విరమణ చేసియుండిరి. అయినను కళ్లజోడు తుడిచికొని మొదటినుండి చదివిరి. అతుకు వద్దకు వచ్చి ఆగిరి.

"ఇదేమిటండీ, ఒక్క పిల్లవాడి కోసమా?" అని కన్నుల నీరు వచ్చునట్లు నవ్విరి. మేమును నవ్వితిమి.