పునీతుల పంచాంగం

కోనసీమలో ఏ ఊరికి వెళ్ళినా నీటి పక్కన నడవవలసిందే. పి.గన్నవరంలో మాత్రం నీటి మీద నీరు నడుస్తుంది. కింద వైనతేయ గోదావరి, దాని మీద కమానులు, కమానుల మీద కాలువ. 1850 ప్రాంతాల హేగ్ అనే ఇంజనీరు దొర 49 కమానులతో ఈ అక్విడక్టు కట్టించి, కాలువను ఏరు దాటించి అవతలి పొలాలకు నీరిచ్చాడు. 2000లో దాని పక్కనే కొత్తది కట్టి, డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఈ మండలంలోని లంకల గన్నవరంలో కాపురముండి, వేళగాని వేళ వచ్చినవారికి కూడా విస్తరి వేసిన ఇల్లాలామె (1841-1909). పుణ్యాత్ముల పేరు తలచుకుంటే మంచిదనే నమ్మకం ఈ సీమకు కొత్త కాదన్న మాట.

ఆ నమ్మకానికి రోజూ లెక్క రాసిపెట్టుకునేవారు ఈ సీమలో మరికొందరున్నారు. వారు కథోలిక క్రైస్తవులు. 1836లో బౌడెన్, బీర్ అనే బ్రదరన్ మిషనరీలు నరసాపురం వైపు వచ్చి పనిచేసిన కారణాన గోదావరి డెల్టాలో ప్రొటెస్టెంటు శాఖలవారే హెచ్చు. కథోలికులు తక్కువ. అటువంటి ఇల్లొకటి గన్నవరంలో ఉన్నది. నా పూర్వ విద్యార్థి ఇల్లు అది. తల్లి కువైటులో ఇంటిపనికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. అతణ్ణి పెంచింది అమ్మమ్మ.

నేను వెళ్ళినది జూలై 25న. వసారాలో గోడకు ఒక క్యాలెండరు వేలాడుతున్నది. ప్రతి గడిలోనూ తేదీ, దాని కింద ఒక పునీతుని పేరు, దాని కింద ఆ రోజు చదవవలసిన బైబిలు అధ్యాయాల అంకెలు ఉన్నాయి.

“ఇవాళ ఏం విశేషం, మామ్మగారూ?” అన్నాను.

“ఆయ్, యాకోబుగారి పండగండి బాబూ. ఇయ్యాల గురువుగారు ఎర్ర వస్త్రం కడతారు. హేరోదు రాజు ఆయన్ని కత్తితో చంపించాడు కదండి!”

వేదసాక్షులకు ఎరుపు, తపస్కాలానికి ఊదా, పెద్ద పండుగలకు తెలుపు, మామూలు రోజులకు ఆకుపచ్చ. మామ్మగారికి ఇదంతా కంఠతా వచ్చు.

మన పంచాంగం చూడటం తెలిసినవారికి ఈ లెక్క కష్టం కాదు. క్రిస్మసు వంటివి తేదీ మారని పండుగలు. ఈస్టరు మాత్రం చంద్రుణ్ణి బట్టి వస్తుంది. వసంత విషువత్తు తరవాతి పున్నమి దాటాక వచ్చే ఆదివారం అది. అందుకే మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎటైనా జరుగుతుంది. పునీతుల పండుగలు సాధారణంగా వారు కన్నుమూసిన రోజున చేస్తారు. అదే వారు పరలోకంలో పుట్టిన రోజని భావం. త్యాగరాజస్వామి ఆరాధన మనం ఆయన సిద్ధిపొందిన పుష్య బహుళ పంచమినాడు చేసుకోవటం లేదూ? పుట్టిన రోజు పండుగ ముగ్గురికే: డిసెంబరు 25న క్రీస్తుకు, సెప్టెంబరు 8న మరియమాతకు, జూన్ 24న స్నాపక యోహానుకు.

ఇందులో ఒక తమాషా కూడా ఉన్నది. అవిలాపురి తెరేసమ్మ 1582 అక్టోబరు 4 రాత్రి కన్నుమూసింది. పోపు గ్రెగరీ పాత క్యాలెండరును సవరించి పది రోజులు తీసివేసినది ఆ రాత్రే. తెల్లవారితే 15వ తేదీ! ఆమె పండుగ నేటికీ అక్టోబరు 15నే.

పునీతుల మాట అలా ఉండగా, చదువుల మాట వేరు. మామ్మగారి చిన్నతనంలో పూజ లాటిన్‌లో జరిగేది. గురువుగారు తన మంత్రాలు తాను చదువుకుంటుంటే, ఆడవాళ్ళు జపమాల తిప్పుకుంటూ కూర్చునేవారట. 1963లో వాటికన్ మహాసభ దేశభాషలకు తలుపు తెరిచింది. 1969లో కొత్త పఠనాల క్రమం వచ్చింది. ఆదివారాలకు మూడేళ్ళ వరస: ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. యోహాను సువిశేషం ముఖ్యంగా తపస్కాలంలోనూ, ఈస్టరు రోజుల్లోనూ వస్తుంది. మామూలు వారాల్లో ముందు మార్కు, తరవాత మత్తయి, చివర లూకా ఏడాదిలో ఒక చుట్టు తిరుగుతాయి. మనవాళ్ళు భాగవతం ఏడు రోజుల్లో సప్తాహం చేస్తే, వీరిది ఏడాది పొడవునా సాగే పారాయణ.

తెలుగు మేష్టర్ని గనుక నా చెవి మాటల మీదికే పోయింది. సెయింటును ప్రొటెస్టెంటులు పరిశుద్ధుడంటే, కథోలికులు పునీతుడంటారు. వారి సువార్త వీరికి సువిశేషం. పూజలో పంచే అప్పం దివ్యసత్ప్రసాదం. పారిష్ అంటే విచారణ, అక్కడి ఫాదరు విచారణ గురువు. విభూది బుధవారంతో మొదలయ్యే నలభై రోజులు తపస్కాలం. ఈ సంప్రదాయం నిన్నటిది కాదు. 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను “వేదాంత రసాయనము” అనే పద్యకావ్యంగా రాశాడు. పరదేశపు భక్తి మన నుడికారం కట్టుకుని మన వసారాలో కూర్చోవటానికి ఇన్ని తరాలు పట్టింది.

ఆ సాయంత్రం దీపాలవేళ మనవడు ఆనాటి సువిశేషం చదివాడు. మత్తయి 20వ అధ్యాయం. యాకోబు, యోహానుల తల్లి క్రీస్తు దగ్గరికి వచ్చి, తన కొడుకుల్ని చెరొక పక్క కూర్చోబెట్టుకోమని అడుగుతుంది. గొప్పవాడు కాగోరినవాడు ముందు సేవకుడు కావాలని ఆయన జవాబు చెబుతాడు. చదవటం కాగానే ఫోను మోగింది. కువైటు నుంచి తల్లి! అక్కడ మనకంటే రెండున్నర గంటలు వెనక. పని మధ్య కాస్త తెరిపి చూసుకుని, అదే అధ్యాయం ఆమె కూడా తన ఫోనులో చదువుకున్నది. అక్కడ వారపు సెలవు శుక్రవారం. అందుచేత ఆదివారపు పూజ శుక్రవారం కూడా జరుగుతుంది. కాని ఇంటిపని చేసేవారికి ఆ సెలవైనా ప్రతి వారం దొరకదు. గుడికి పోలేని రోజున ఈ చదువే ఆమెకు గుడి.

“సేవ చేసేవాళ్ళే గొప్పోళ్ళంట! విన్నావా అమ్మా?” అని అటునుంచి నవ్వు. ఇటు మామ్మగారు కళ్ళు తుడుచుకున్నారు.

ఏప్రిల్ 27న జీతమ్మ పండుగ ఈ ఇంట్లో మరిచిపోరట. ఇటలీలోని లూకా పట్టణంలో చిన్ననాటి నుంచి ఒకే ఇంట పనిమనిషిగా ఉండి, 1272లో కన్నుమూసిన పునీత జీత. ఇంటిపనివారికి పాలక పునీతురాలు. జీతానికి పోయినవారికి జీతమ్మ తోడు కావటం భాష చేసిన చమత్కారమే. కోనసీమ నుంచి గల్ఫుకు వెళ్ళిన ఆడకూతుళ్ళు ఎందరో. వారి కష్టం చెప్పుకోవటానికి ఈ పంచాంగంలో ఒక తేదీ ఉన్నది.

మర్నాడు 26, మరియమాత తల్లిదండ్రులైన జ్వాకీము, అన్నమ్మల పండుగ. ముగ్గురం యానాం బయలుదేరాం. అంబాజీపేట కొబ్బరి రాశులు, అమలాపురం, ముమ్మిడివరం దాటి, ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగి వారధి ఎక్కితే అవతల యానాం. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఊరు. అన్నమ్మ పేర అక్కడున్న దేవాలయం 1846లో పూర్తయింది. ఐరోపా పద్ధతి కట్టడం, చుట్టూ గోదావరి గాలి.

అన్నమ్మ పేరు బైబిలులో ఎక్కడా లేదు. అందులో చేరని రెండో శతాబ్దపు గ్రంథమొకటి ఆమె కథ చెబుతుంది. పేరే లేని మనిషికి పండుగేమిటని ప్రొటెస్టెంటు చుట్టాలు అడగటం కద్దు. దారిలో నేనూ అదే అడిగాను.

“మనవడి పుస్తకంలో అమ్మమ్మ పేరెందుకుంటుందండి బాబూ?” అన్నారు మామ్మగారు. “పెంచినోళ్ళ పేరు రాయరు. పిల్లోణ్ణి చూసి తెలుసుకోవాలంతే.”

నిజమే. క్రీస్తుకు అన్నమ్మ అమ్మమ్మ. 2021లో పోపు ఫ్రాన్సిస్ ఈ పండుగకు దగ్గరగా వచ్చే జూలై నాలుగో ఆదివారాన్ని తాతమ్మమ్మల దినంగా నిర్ణయించాడు. తల్లులు పరదేశంలో ఉంటే మనవల్ని పెంచుతున్న కోనసీమ అమ్మమ్మలకు ఇంతకంటే దగ్గర పండుగ ఏముంటుంది?

ఈ పండుగకు చెప్పిన పఠనం సీరా జ్ఞానగ్రంథం 44వ అధ్యాయంలోది. పూర్వుల మంచితనం వారి సంతానంలో నిలిచి ఉంటుందని అందులోని సారాంశం. పూజ ముగిశాక మనవడు గుడి మెట్ల మీద నిలబడి తల్లికి ఫోను చేశాడు. అప్పటికే ఆమె ఆ అధ్యాయం చదివేసింది. “అమ్మమ్మకి ఇయ్యి” అన్నది. మామ్మగారు ఫోను చెవికి ఆనించుకుని, కొంగు సవరించుకుని, పండుగ శుభాకాంక్షలు అందుకోవటానికి గంభీరంగా నిలబడ్డారు.